మంగు అనుకున్నాం

మా ఆడపడుచు కూతురికి బుగ్గల మీదా, ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు వస్తే, మంగేలే, మీగడ రాసుకోమన్నదాన్ని నేనే. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవటం లేదంటే పనిదొంగ అని నవ్వుకున్నాం కూడాను! పాదాలు వాచి, మూత్రం నురగ కట్టాక తెలిసింది - అది లూపస్ అనీ, మూత్రపిండాలకు పాకిందనీ.

ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు ఇది. అంటుకోదు. పదిమంది రోగుల్లో తొమ్మండుగురు ఆడవాళ్ళే. ఎండకు ఎరుపు హెచ్చటం, నోటిపూత, జుట్టు ఊడటం, విడవని జ్వరం, కీళ్ళనొప్పులు - ఇలాంటివి కలిసి కనబడితే వంటింటి వైద్యం మాని, రక్తంతో పాటు మూత్రమూ పరీక్ష చేయించండి.

తేలిగ్గా ఉందని స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి, ప్రమాదం. జబ్బు ఆరు నెలలైనా అణిగి ఉన్నాకే, డాక్టరును అడిగి, బిడ్డ సంగతి ఆలోచించాలి. మా పిల్ల అలాగే ఆగింది. ఇప్పుడు ఆరో నెల. గొడుగు లేనిదే గడప దాటదు.