కందకుర్తి నుంచి అంతర్వేది దాకా



ఇంజనీరువి గనుక ప్రాజెక్టుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. నేను తీర్థయాత్ర గురించి చెబుతాను. ప్రాజెక్టు సంగతి మధ్యలో దానంతట అదే వస్తుంది.

మొన్న చలికాలంలో మా అమ్మను అంతర్వేది తీసుకుపోయాను. కోనసీమ చివర, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట ఉన్న లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం అది. అమ్మకు దాదాపు ఎనభై ఏళ్లు. అప్పటిదాకా సముద్రం చూడలేదు. కాశీ పోదామన్నా, తిరుపతి పోదామన్నా మోకాళ్ల నొప్పులని చెప్పే మనిషి, "గోదారి ఏడ ఐపోతదో ఒక్కసారి చూపియ్యి బిడ్డా" అని తానే అడిగింది.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అమ్మ పుట్టిన ఊరు నందిపేట వైపు, గోదావరి ఒడ్డున ఉండేది. 1963లో నెహ్రూ గారు పోచంపాడుకు పునాదిరాయి వేశారు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ ఊరు నీళ్ల కిందికి పోయింది. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గిన ఏడు మొండిగోడలు తేలితే, మేనమామలు పోయి చూసి వచ్చేవారు. అమ్మ ఒక్కసారీ పోలేదు. ఆ నీళ్లతోనే ఎన్నో వేల ఎకరాలు పండాయి. ఆ నీళ్ల లెక్కలు చేసే ఉద్యోగమే నాకు అన్నం పెట్టింది. ఈ రెండూ మా ఇంట్లో ఎప్పుడూ పక్కపక్కనే కూర్చునేవి, ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావు.

దారి చాలా సులువు. నాగర్‌సోల్ నుంచి నర్సాపురం పోయే రైలు మన నిజామాబాద్ మీదుగానే పోతుంది. బాసర దగ్గర గోదావరిని దాటి వచ్చిన ఆ బండి చివరి స్టేషన్ మళ్లీ గోదావరి ఒడ్డే. నర్సాపురం రేవులో పంటు ఎక్కాలి. మనుషులు, మోటారు సైకిళ్లు, కొబ్బరి బోండాలు, కార్లు అన్నీ దాని మీదే. అవతల సఖినేటిపల్లి. అక్కడి నుంచి ఆటోలో కొబ్బరితోటల మధ్యగా అంతర్వేది.

మాఘ మాసంలో కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి అక్కడ ఇసుక వేస్తే రాలదట. మేం పోయిన నాడు మాత్రం గుడిలో పట్టుమని ముప్పై మంది లేరు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ఇప్పుడున్న ఆలయం 1823 నాటిది, కట్టించినవారు కోపనాతి కృష్ణమ్మ. పేరు చూసి ఆడమనిషి అనుకోకండి, నేనూ మొదట అలాగే అనుకున్నాను. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. మరుసటి ఫిబ్రవరి ఉత్సవాలకల్లా కొత్తది తయారైంది.

అమ్మ దర్శనం చేసుకుని బయటికి వచ్చి నవ్వింది. "ఇంత దూరం తోలుకొచ్చి మల్ల మన నర్సింహసామి తానికే తెచ్చినవా? లింబాద్రి గుట్ట ఎక్కితే సరిపోకపోవునా?" అంది. కార్తీక జాతరకు నన్ను చంకనేసుకుని ఆ గుట్ట ఎక్కిన మనిషి మరి!

తర్వాత నదీ సముద్రమూ కలిసే ఇసుకతిన్నెల దగ్గరికి పోయాం. దాన్ని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అమ్మ నీళ్లలో నిలబడి దోసిట పట్టి నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది. "ఉప్పగున్నయి. ఇది మన గోదారి కాదు."

పోటు మీద సముద్రం నదిలోకి ఎక్కి వస్తుందనీ, పాటు మీద నది మళ్లీ ముందుకు పోతుందనీ, అందుకే ఇక్కడ అయిపోయిందని వేలుపెట్టి చూపలేమనీ చెప్పాను. పక్కనే వల సర్దుకుంటున్న పెద్దాయన విని, "సముద్రం ముందుకొచ్చేసిందండి. నా చిన్నప్పుడు సరుగుడు తోట అదిగో అక్కడుండేదండి" అని అలల మధ్యకు చూపించాడు.

నేను ఇంజనీరునే కదా, కారణం చెప్పకుండా ఉండలేకపోయాను. డెల్టా అంటే నది తెచ్చి పోసిన మన్ను. త్రయంబకం నుంచి 1,465 కిలోమీటర్లు పారే గోదావరిలో, మహారాష్ట్ర దాటాక మన తెలుగునేల మీద పారేది 771 కిలోమీటర్లు. ఆ దారంతా తెచ్చిన ఒండ్రు ఆనకట్టల వెనుక ఆగిపోతే, ఇక్కడ అలలు కోసుకుపోయిన చోటును పూడ్చేవారు ఉండరు. ఒడ్డు కోతకు వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇది పెద్దది. మన శ్రీరాంసాగర్‌నే చూడండి. 112 టీఎంసీలకు కట్టారు, ఇప్పుడు లెక్క 80 పైచిలుకే. తేడా ముప్పై టీఎంసీలకు పైనే. ఆ చోటంతా పూడిక.

అమ్మ అంతా విన్నది. చాలాసేపటికి, "అంటే ఈడికి రావలసిన మన్ను మా ఊరి మీద కూసున్నదన్నట్టు" అంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో పూడిక మీద ఎన్నో నివేదికలు చదివాను, కొన్ని రాశాను. ఆ ఒక్క వాక్యం వాటిలో ఎక్కడా లేదు. ప్రాజెక్టు వద్దని నేను అనను. అది లేకపోతే మన దిక్కు పొలాలు ఎలా ఉండేవో నాకు తెలుసు. కానీ నీళ్లను టీఎంసీల్లో లెక్కపెట్టినంత శ్రద్ధగా మన్నును లెక్కపెట్టలేదు మనం. ఇప్పుడైనా పెట్టాలి.

తిరుగు ప్రయాణంలో అమ్మ కందకుర్తి పోదామంది. మంజీర వచ్చి కలిసేచోట మెట్ల మీద కూర్చుని ఈసారి నీళ్లు తాగింది. అక్కడి నుంచి తన ఊరు ఏ దిక్కో అడిగింది. చూపించాను. కాసేపు అటే చూసింది.

సంఘానికి ఒక ప్రతిపాదన. ఏటా మన బడి పదో తరగతి పిల్లలను ముందు కందకుర్తి, తర్వాత అంతర్వేది తీసుకుపోదాం. మ్యాపులో నీలిగీత గీసే పిల్లలు ఆ నీళ్ల రుచి రెండుచోట్లా చూడాలి. మాఘం వద్దు, రద్దీ. మార్గశిరం బాగుంటుంది. మొదటి ఏడాది రైలు టికెట్లు నావి. తేదీ హెడ్‌మాస్టరు గారు చెప్పాలి. అమ్మ కూడా వస్తానంది, కింది బెర్తు ఒకటి ఉంచండి.