కాళ్ళ ఫైలులో గుండె కాగితం

(జంషెడ్‌పూర్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమంటే, నేను డాక్టర్ని కాదు కదా అన్నాను. మీ మేనల్లుడి సంగతి చెప్పండి చాలు అన్నారు. అక్కని అడిగాను. "చెప్పు, వాడి పేరు మాత్రం చెప్పకు" అంది.

మా నాన్న తరం శ్రీకాకుళం నుంచి ఇక్కడికి పనికి వచ్చింది. కద్మాలో కాపురం, బిష్టుపూర్ రామమందిరంలో పండగలు. ఊరు మారినా సంబంధాలు మాత్రం ఊళ్ళోవే. అక్కని మేనమామ కొడుక్కే ఇచ్చాం. వాళ్ళ పెద్దవాడికి పదమూడో ఏట నడక తూలడం మొదలైంది. జూబిలీ పార్కులో చదునైన దారిలో కూడా పడేవాడు. వీధిలో వాళ్ళు తాగాడేమో అన్నారు. ఆ మాట అక్క ఇప్పటికీ మరిచిపోలేదు. తర్వాత చేతిరాత పాడైంది, మాట ముద్దగా రావడం మొదలైంది. రెండేళ్ళు తిరిగాక రక్తపరీక్షలో తేలింది: ఫ్రీడ్‌రైక్ అటాక్సియా.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో నికోలస్ ఫ్రీడ్‌రైక్ అనే వైద్యుడు 1863లో దీన్ని మొదట వివరించాడు. తన రోగుల్లో గుండె జబ్బు కూడా కనిపించిందని ఆయన అప్పుడే రాశాడు. దీనికి కారణమైన జన్యువు మాత్రం 1996లో గాని దొరకలేదు. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఆ జన్యువులో జి.ఎ.ఎ. అనే మూడక్షరాల ముక్క ఒకటి పదేపదే ఉంటుంది. మామూలు మనుషుల్లో 33 లోపు, జబ్బున్నవాళ్ళలో తరచు వందల్లో. దాంతో ఫ్రటాక్సిన్ అనే ప్రోటీన్ చాలినంత తయారు కాదు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఇనుము సరైన చోటికి చేరక పోగుపడుతుంది. ఇనుముతో బతికే ఊళ్ళో ఉండి ఈ మాట వినాల్సి వచ్చింది. అక్క వెంటనే తోటకూర వండటం మానేసింది! లోపం కణం లోపల ఉంది, తిండిలో ఇనుము మానేస్తే తగ్గేది కాదని డాక్టరు చెప్పాక మళ్ళీ మొదలుపెట్టింది.

నరాలకి ఎంత శక్తి కావాలో గుండె కండరానికీ అంతే కావాలి. అందుకని ఈ జబ్బులో గుండె గోడలు మందమవుతాయి. కొందరిలో పోనుపోను కండరం బలహీనపడి గుండె సాగిపోతుంది, లయ తప్పుతుంది. ఈ జబ్బుతో పోయేవాళ్ళలో ఎక్కువమంది పోయేది గుండె వల్లనే. ఇది మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా మా చెవికి ఎక్కలేదేమో. మా కళ్ళన్నీ వాడి కాళ్ళ మీదే.

గుండె బలహీనపడితే మనకెలా తెలుస్తుంది? మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మెట్లే ఎక్కని పిల్లవాడికి ఆయాసం ఎక్కడి నుంచి వస్తుంది? చక్రాల కుర్చీ వాడి గుండె జబ్బుని కప్పేసింది. పైగా నడక ఎంత చెడిందన్నదాన్ని బట్టి గుండె ఎంత చెడిందో చెప్పలేం. నడవగలిగిన వాళ్ళకీ గుండె పాడై ఉండొచ్చు.

వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, లోపల ఎవరో గిన్నెలు పడేస్తున్నట్టుంది." అంతకు వారం ముందే ఒక డాక్టరు గ్యాస్ అని మాత్రలిచ్చాడు. ఈసారి ఇ.సి.జి. తీశారు. పై గదులు లయ తప్పి కొట్టుకుంటున్నాయి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఎకోలో గోడలు మందంగా ఉన్నాయి. "ఇంతకుముందు ఎకో ఎప్పుడు తీశారు?" అని అడిగారు. అక్క లావుపాటి ఫైలు తీసింది. ఎమ్మారైలు, వెన్నెముక ఎక్స్‌రేలు, ఫిజియోథెరపీ రసీదులు, నేను క్లెయిమ్ చేయించిన బిల్లుల నకళ్ళు. గుండెకి సంబంధించిన కాగితం ఒక్కటి లేదు. ఆడిట్‌లో ఇంత పెద్ద ఆబ్జెక్షన్ నా సర్వీసులో పడలేదు.

రక్తం గడ్డకట్టకుండా మందు, గుండె వేగం అదుపులో ఉంచే మందు మొదలుపెట్టారు. జబ్బు తేలిన రోజునే ఇ.సి.జి., ఎకో తీయించాలి. ఆ తర్వాత ఏడాదికోసారైనా, ఏ బాధా లేకపోయినా తీయించాలి. వంకర తిరిగిన వెన్నెముకకి ఆపరేషన్ అంటే మత్తు ఇచ్చేముందు గుండె సంగతి తప్పక చెప్పాలి. ఈ జబ్బున్న కొందరికి షుగరు కూడా వస్తుంది, అదీ చూడాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో ఓమావెలోక్సోలోన్ అనే మొదటి మందుకి అనుమతి వచ్చింది, పదహారేళ్ళు దాటినవాళ్ళకి. అది జబ్బు వేగం తగ్గించడానికే గాని నయం చేయడానికి కాదు. మొదలుపెట్టే ముందు దానికీ గుండె పరీక్ష చేయాలి. ఖరీదు ఏడాదికి లక్షల డాలర్లు. ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

ఇక మేనరికం. మనవాళ్ళకి సులువుగా అర్థమయ్యేలా చెబుతాను. ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటుంది, ఎయిదర్ ఆర్ సర్వైవర్ ఖాతాలాగా. ఒకరి సంతకం బాగుంటే లావాదేవీ నడుస్తుంది. అందుకే అక్కకీ బావకీ ఏమీ లేదు. రెండూ పాడైనవి బిడ్డకి వస్తేనే జబ్బు. అలాంటి తల్లిదండ్రులకి ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకే తాత నుంచి వచ్చిన లోపం ఇద్దరిలో ఉండే అవకాశం మేనరికంలో ఎక్కువ.

మా అమ్మ కోరిక నా కూతుర్ని అక్క రెండోవాడికి ఇవ్వాలని. వాడు ఆరోగ్యంగా ఉన్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు. కాని జబ్బు లేని తోబుట్టువుకి కూడా ఆ లోపం మోసే అవకాశం మూడింట రెండు వంతులు. ఇద్దరూ పెద్దవాళ్ళే, వాళ్ళిష్టంతోనే పరీక్ష చేయించుకున్నారు. ఇద్దరిలోనూ ఒక ప్రతి పాడై ఉంది. వాళ్ళే కూర్చుని మాట్లాడుకుని వద్దనుకున్నారు. అమ్మ నాతో రెండు నెలలు మాట్లాడలేదు. అక్క మాత్రం "మంచిపని చేశావురా" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇలాంటి సలహా కావాలంటే, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల్లో మనకు దగ్గరిది కోల్‌కతాలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆస్పత్రి. స్వస్థలం వైపు వెళ్ళేవాళ్ళకి హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి.

మేనల్లుడికి ఇప్పుడు ఇరవై నాలుగు. ఫైలు వాడే చూసుకుంటాడు, గుండె కాగితాలకి వేరే రంగు ట్యాగు కట్టాడు. మొన్న ఎకో రిపోర్టు రాగానే ఫోన్ చేశాడు. "పోయినేడాది అంకెకీ ఈయేడాది అంకెకీ తేడా లేదు మావయ్యా, బ్యాలెన్స్ టాలీ అయింది."