మ్యూట్ తీసే ముందు

 

పట్టాలు అందుకున్న మీలో చాలామంది త్వరలో ఈ చుట్టుపక్కలే, ఏ మాదాపూర్‌లోనో నానక్‌రాంగూడలోనో ఉద్యోగంలో చేరతారు. 1998లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం మొదలైనప్పటి నుంచీ ఈ శేరిలింగంపల్లికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎంత కష్టమైన కోడ్ అయినా రాశారు. అమెరికా క్లయింటుతో కాల్‌లో మ్యూట్ తీయాలంటే మాత్రం గొంతు తడారిపోయేది. జవాబు తెలుసు. మనసులో వాక్యం కుదిరేలోపు పక్కవాళ్లు చెప్పేస్తారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్లినా నలుగురి ముందు నిలబడాల్సిందే.

ఇది తెలివికి సంబంధించిన లోటని ఎవరన్నా నమ్మకండి. పరభాష నేర్చుకునేటప్పుడు కలిగే ఆందోళనను కొలవడానికి 1986లో పరిశోధకురాలు ఎలేన్ హార్విట్జ్ బృందం ఒక ప్రశ్నావళినే ప్రచురించింది. ఎదుటివాళ్లు తక్కువగా చూస్తారేమోనన్న జంకు ఈ ఆందోళనలో ముఖ్యమైన భాగమని వాళ్లు గుర్తించారు.

చాట్‌బాట్ పనికొచ్చేది సరిగ్గా ఈ జంకు దగ్గరే. 2023 నుంచి చాట్‌జీపీటీతో నోటితోనే మాట్లాడొచ్చు. రాత్రి హాస్టల్ మేడమీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తెలుగులోనే చెప్పండి: "నువ్వు నా మేనేజర్‌వి. నిన్నేం పని చేశావని ఇంగ్లిష్‌లో అడుగు. నేను ముగించేదాకా దిద్దకు. చివర్లో రెండు తప్పులు చెప్పు, చాలు." పదిహేను చెబితే మళ్లీ నోరు మూతపడుతుంది. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ డేస్" అన్నారనుకోండి, "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ డేస్" అని దిద్దుతుంది. మళ్లీ అనండి. ఎన్నిసార్లన్నా విసుక్కోదు.

అంత ఓపిక క్లయింటుకి ఉండదు. మధ్యలో అడ్డొస్తాడు, మాటలు మింగేస్తాడు. అందుకే కాస్త అలవాటయ్యాక "మధ్యలో ఆపి ఎదురు ప్రశ్నలు వెయ్యి" అని అడగండి. కంపెనీ రహస్యాలు మాత్రం దానికి చెప్పొద్దు. రాత్రి సాధన చేసిన వాక్యాల్లో ఒక్కటైనా మర్నాడు మీటింగ్‌లో మనుషులతో అనండి. ఈ మెట్టు దాటకపోతే ధైర్యం ఫోన్‌లోనే ఉండిపోతుంది.

ఇంగ్లిష్ గడగడా వచ్చినవాళ్లకి కూడా ఒక మాట. ఈ భయం చాలామందిలో క్లాసులో ఎవరో నవ్వినప్పుడు మొదలైంది. ఆ నవ్వును ఆపడం ఏ యంత్రం వల్లా కాదు, మీ వల్ల అవుతుంది. రేపు మీ టీమ్‌లో ఆసిఫాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి ఆగి ఆగి మాట్లాడుతుంటే, ఆమె వాక్యం మీరు పూర్తి చేయకండి. చెప్పడం అయ్యాక ఆమెనే ప్రశ్న అడగండి. ఆమె చెప్పిన ఆలోచనను మీటింగ్ మినిట్స్‌లో ఆమె పేరు మీదే రాయండి.