పాత ముద్రణతో జీవశాస్త్రాధ్యయనము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బీరువాలలోని జీవశాస్త్ర గ్రంథములలో చాలవఱకు పాత ముద్రణలే. క్రొత్తవి కొనలేని విద్యార్థి వానిని చేతబట్టి, "ఇది చదివినచో పరీక్షలో నెగ్గుదునా?" అని సంశయించుచుండును. విద్యార్థిదశలో నాకట్టి సంశయము కలుగలేదు, అందువలననే నష్టపడితిని. మానవ కణమునందు 48 క్రోమోజోములుండునని నా పాత పుస్తకములో చదివి, పరీక్షలో అట్లే వ్రాసి మార్కులు కోల్పోయితిని. అవి 46 అని చియో, లెవాన్ అను శాస్త్రజ్ఞులు 1956లోనే ప్రకటించియుండిరి. పుస్తకము తన కాలమునకు తెలిసినది చెప్పినది. దాని ముద్రణ సంవత్సరమును చూడకపోవుట నా లోపము.

మన చోడవరము చుట్టునున్న చెఱకు తోటలనే ఉదాహరణముగా గైకొందము. కిరణజన్య సంయోగక్రియలో మొదట మూడు కర్బన పరమాణువులు గల పదార్థమేర్పడునని కాల్విన్ బృందము కనుగొనెను. ఆ పరిశోధనకు 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమానము లభించినది. నాటి పుస్తకములలో ఇంతవఱకే కానవచ్చును. కాని చెఱకు ఆకులో మొదట నాలుగు కర్బనముల ఆమ్లములేర్పడునని హవాయిలో కోర్ట్‌షాక్ బృందము 1965లో ప్రకటించెను. ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ అనువారు 1966లో ఆ మార్గమును వివరించిరి. అట్లని పాత పాఠము వ్యర్థము కాదు. ఆ ఆమ్లములనుండి విడివడిన బొగ్గుపులుసు వాయువు చెఱకులోను పిదప కాల్విన్ మార్గముననే చక్కెరగా మారును. పాత పాఠము తెలియనివానికి క్రొత్త పాఠము బోధపడదు.

కావున పాత గ్రంథమును పాఱవేయవలదు, గ్రుడ్డిగా నమ్మవలదు. మన గుండెకు నాలుగు గదులన్న మాట మారలేదు. ఎముకల అమరిక, పుష్పభాగములు, జీర్ణక్రియ మొదలగు పాఠములకును, బొమ్మలు గీయుటకును పాత ముద్రణ చక్కగా నుపకరించును. జీవుల వర్గీకరణము, జన్యుశాస్త్రము వచ్చినచోట మాత్రము జాగరూకత వలయును. శిలీంధ్రములను మొక్కలలో చేర్చిన పుస్తకము మీకు దొరకవచ్చును. 1969లో విట్టేకర్ వానికి ప్రత్యేక రాజ్యమునే కల్పించెను.

చదువబోవు ముందు ముద్రణ సంవత్సరమును చూడుడు. ఈ యేటి పాఠ్యప్రణాళికను ప్రక్కనుంచుకొని విషయసూచికతో సరిచూడుడు. వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు 2024లో పాఠ్యప్రణాళిక మారినది గదా! భేదము కనబడినచో గ్రంథాలయపు పుస్తకముపై గీతలు గీయక, మీ నోటుపుస్తకములో వ్రాసికొనుడు.

దాతలకును నిర్వాహకులకును ఒక్క మనవి. పాత ప్రతులు పదియున్నను, ఆ యేటి క్రొత్త ప్రతి యొక్కటి బల్లపై నుండవలెను. దానితో సరిచూచుకొన్నచో తక్కిన పదియు పనికివచ్చును. ఆ యొక్క ప్రతి లేకపోవుటచే ఏ బీద బిడ్డయు నావలె మార్కులు కోల్పోకుండుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.