వాన కొలత



ఉగాదినాడు మన గ్రామములలో రచ్చబండ యొద్దనో, దేవాలయ మంటపమునందో పంచాంగ శ్రవణము జరుగుట ఆచారము. రాజెవడు, మంత్రి యెవడు, మేఘాధిపతి యెవడు అని సిద్ధాంతిగారు చదివి, ఈ యేడు ఇన్ని కుంచముల వర్షమనియు, అందు సముద్రమునందు ఇన్ని పాళ్లు, పర్వతములందు ఇన్ని పాళ్లు, భూమియందు ఇన్ని పాళ్లు కురియుననియు చెప్పుదురు. పెద్దలు తల లూపుదురు. అంతవరకు బాగుగనే యున్నది. కాని సంవత్సరాంతమున అదే రచ్చబండయొద్ద కూర్చుండి, "అయ్యా, మన యూరిలో నిజముగా ఎంత వాన కురిసినది?" అని యడిగినచో చెప్పగలవారు కనబడరు. రాబోవు వానను గూర్చి వినుటకు మనకున్న కుతూహలము, వచ్చిన వానను కొలుచుటయందు లేదు. నేడు ఆ కొలతను గూర్చియే ముచ్చటింపదలచితిని.

మన నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టభూములు. రాళ్లగుట్టలు, ఎర్రచెల్కలు, వాని నడుమ గొలుసుకట్టు చెరువులు. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలో ఏటికి సుమారు 60 సెంటీమీటర్లు, పూర్వపు నల్లగొండ జిల్లాలో సుమారు 75 సెంటీమీటర్లు వాన కురియుట పరిపాటి. ఆ కొంచెమును తీరుగా రాదు. మృగశిరలో ఆశపెట్టి, ఆరుద్రలో మాయమై, పైరు ఎండిన పిదప ఒక్క రాత్రిలో ఏడాది లెక్కలో నాలవ వంతు కుమ్మరించి పోవును. ఒక్క వాన తక్కువైనచో పాలమూరు కూలీ మూట గట్టుకొని వలస పోవలసినవాడే. ఒక్క వాన ఎక్కువైనచో పైచెరువు కట్ట తెగి క్రిందిచెరువు మీద పడును. ఇట్టి సీమలో వానను కొలుచుట వేడుక పని కాదు, గృహస్థు తన గాదెలోని గింజలను లెక్క చూచుకొనుట వంటిది.

మనకు కొలతలు అసలే లేవని నే ననను. "జానెడు పదును దిగినది" అని కాపు చెప్పును. "రోలు నిండినది" అని ఇల్లాలు చెప్పును. "మత్తడి దూకినది" అని నీరటికాడు చెప్పును. ఇవి అనుభవము నుండి పుట్టిన మాటలు. గింజకు కావలసినది పదునే కదా! కాని చెల్కలో జానెడు దిగిన వాన రేగడిలో బెత్తెడు దిగదు. మీ ఇంటి రోలును, మా ఇంటి రోలును ఒక్క లోతు కావు. కావున ఈ మాటలతో ఒక యూరి వానను మరియొక యూరి వానతోను, ఈ యేటి వానను తాతగారి నాటి వానతోను పోల్చుట సాధ్యము కాదు. పోల్పవలెనన్నచో కుంచ మొక్కటే కావలెను.

ఈ సంగతి మన ప్రాచీనులు చక్కగ నెరిగిరి. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున రాజు కోష్ఠాగారమునందు మూరెడు మూతిగల కుండమును వర్షమానముగా నుంచవలెనని విధించెను. ఆ కుండమును ధాన్యము నిలువచేయుచోట నుంచుమనుటలో ఎంత యర్థమున్నదో చూడుడు! వాన లెక్కయు, గింజల లెక్కయు ఒక్క గడపలోనివే యని ఆయన భావము. జాంగల దేశమున పదునారు ద్రోణములనియు, అశ్మక దేశమున పదమూడున్నర ద్రోణములనియు, అవంతియందు ఇరువది మూడనియు ఆయన లెక్కలు వ్రాసెను. అశ్మకమనగా గోదావరీ తీరమున మన బోధను మొదలగు ప్రాంతములని చరిత్రకారులు చెప్పుదురు. నాలుగు నెలల వానలో మొదటి, చివరి మాసములందు కలిపి మూడవ వంతును, నడిమి రెండు మాసములందు తక్కిన రెండు వంతులును కురిసినచో అది మేలైన వర్షమని కూడ చెప్పెను. ఎంత కురిసెనన్నది మాత్రమే కాదు, ఎప్పుడు కురిసెనన్నదియు ముఖ్యమని దీని తాత్పర్యము.

వరాహమిహిరుడు బృహత్సంహితయందు మూరెడు వెడల్పుగల పాత్రమును చెప్పి, అందు చేరిన నీటిని పలములతో తూచి, ఏబది పలములు ఒక ఆఢకమని నిర్ణయించెను. నేలపై ముద్రపడునంతగానో, గడ్డికొనలపై బిందువులు నిలుచునంతగానో కురిసిన వానను లెక్కకు తీసికొమ్మనెను. నేటి శాస్త్రజ్ఞులును ఇట్టి హద్దునే పెట్టుకొనిరి. మన దేశపు వాతావరణ శాఖవారు రెండున్నర మిల్లీమీటర్లయినను కురిసిన దినమునే వానదిన మందురు. 64.5 మిల్లీమీటర్లు మొదలుకొని భారీ వర్షము, 204.4 దాటినచో అత్యంత భారీ వర్షము.

ఈ మిల్లీమీటరు అనగా నేమి? కురిసిన నీరు ఇంకక, పారక, ఆవిరి గాక, నేలపై సమముగా నిలిచినచో ఎంత మందముండునో అదియే వాన కొలత. ఒక్క మిల్లీమీటరు వాన ఒక యెకరముమీద పడినచో అది నాలుగువేల లీటర్లకు పైబడిన నీరు. ఒక యంగుళము పడినచో ఎకరమునకు లక్ష లీటర్లు దాటును. ఇక ఒక చెరువు వెనుక రెండువేల యెకరముల పరివాహక మున్నదనుకొనుడు. ఆ రాత్రి ఎనిమిదంగుళములు కురిసినచో కట్టకు రాబోవు బరువెంతయో పెద్దలైన మీరే లెక్కింపగలరు.

ఇట్టి లెక్క ఒకటి మన చరిత్రలో నిలిచియున్నది. 1908 సెప్టెంబరు 28న, హస్తకార్తె ప్రవేశించిన దినములలో, మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలకొలది ప్రాణములను బలిగొనెను. ఆ వానను శంషాబాదులోని వర్షమాపకమున ఎవరో ఒక ఉద్యోగి కొలిచి వ్రాసియుంచెను. ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలువదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు. నది పరివాహకమునందలి 788 చెరువులలో 221 తెగిపోయినవి. మరుసటి యేడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఇట్టి యంకెలను ఆధారము చేసికొని, నగరమునకు ఎగువన నీటిని ఆపు జలాశయములు కావలెనని యోజన చేసిరి. ఉస్మానుసాగరము 1920లోను, హిమాయతుసాగరము 1927లోను ముగిసినవి.

తరువాత 112 ఏండ్లు గడచినవి. 2020 అక్టోబరు 13న కాకినాడ దాపున తీరము దాటిన వాయుగుండము తెలంగాణము మీదుగా పడమటికి నడచినది. చిత్తకార్తెలో ఆ పగలును రాత్రియు కురిసిన వానకు ఘటకేసరు మండలమున ఒక మాపకము 32.3 సెంటీమీటర్లు చూపినది. శంషాబాదువారి 12.8 అంగుళములను నేటి కొలతలోనికి మార్చినచో 32.5 సెంటీమీటర్లగును. రెండు వానలును ఇంచుమించు ఒక్క తూకము! 1908లో ఆ వర్షమాపకమును చూచిన వ్యక్తి తడియుటకు వెరచి ఇంటనే యుండినచో, నేడు మన మీ మాట చెప్పుకొనగలిగెడివారమా? నగరమును దాటిన మూసీ భువనగిరి, నల్లగొండ సీమలను తడుపుచు వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఎగువ లెక్క దిగువవారికి ప్రాణము.

అదే 2020 నాటి వాన బేగంపేటలో 19 సెంటీమీటర్లు మాత్రమే. ఘటకేసరునకు బేగంపేట ఎంతదూరము? మేఘము గ్రామములవారిగా పన్ను పంచినట్లు కురియదు. ఎద్దు ఒక కొమ్ము తడిసి మరియొక కొమ్ము పొడిగా నుండెనని మనవా రూరక అనలేదు. 2023 జూలై 27 ఉదయమునకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున 64.98 సెంటీమీటర్లు నమోదైనవి. అనగా పాలమూరు సీమలో ఏడాది పొడుగున పడవలసిన వాన అక్కడ ఒక్క దినమున పడినది! తెలంగాణ రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘమువారు స్వయముగా పనిచేయు యంత్రములను వేయికి పైగా నెలకొల్పిరి. మెచ్చదగిన పని. అయినను సగటున నూరు చదరపు కిలోమీటర్లకు ఒక యంత్రము. దాని మూతి మన భోజనపు పళ్లెమంత యుండదు. నడుమనున్న పల్లెల వాన నెవరు చూడవలెను?

ఇతర దేశములలో ఈ లోటును సామాన్యులే తీర్చుచున్నారు. ఇంగ్లండులో జార్జి జేమ్సు సైమన్సు అను నాయన 1860లో 168 చోట్ల లెక్కలను కూర్చి, 1900లో మరణించునాటికి మూడువేలకు పైగా కొలతదారులను సమకూర్చెను. మన దేశమున చాలకాలము వాడిన అయిదంగుళముల మూతిగల మాపకము ఆయన పేరిటిదే. అమెరికాలో కొలరాడో రాష్ట్రపు ఫోర్టు కాలిన్సు పట్టణమున 1997 జూలైలో ఆకస్మికముగా కుంభవృష్టి కురిసి అయిదుగురు మరణించిరి. ఊరికి పడమటను తూర్పునను వాన కొలతలో ఎంతో భేద ముండెను. అది చూచి 1998లో అక్కడివారు ఇంటింటి కొలతదారుల సంఘమును స్థాపించిరి. అది నేడు ఆ దేశమంతట వ్యాపించినది.

వారికి వానయే కాదు, హిమమును కొలుచు పని కూడ కలదు. మన బిడ్డలు పలువురు అక్కడ పారలతో వాకిలి మంచు నెత్తిపోయుచున్నారు కనుక ఈ ముచ్చట మీకును క్రొత్త గాకపోవచ్చును. తుపాను వెలసిన మరునాడు కొలతదారులు తెల్లని పలకపై నిలిచిన మంచును కొలబద్దతో కొలిచి, నాయూర నింత, నీయూర నింత యని పోల్చుకొందురు. పది యంగుళముల మంచు కరగినచో ఒక యంగుళము నీరగునని వాడుక. కాని పొడిమంచు దూదివలె తేలిక, తడిమంచు బరువు. గాలి ఒకచోటిది మరియొకచోటికి త్రోయును, ఆలస్యమైనచో మంచు తనంతట కుంగును. కావున లోతును మాత్రమే నమ్మక, కరగించి నీటిని కూడ కొలుచుదురు. మనకు హిమము లేదు గాని ఎండకాలమున వడగండ్లు కలవు. వానికిని ఇదే న్యాయము. పాత్రలో పడిన వడగండ్లను కరగనిచ్చి నీటిని కొలువవలెను. గండు పరిమాణమును వేరుగ వ్రాసికొనవలెను.

ఇక కొలుచు విధము. వాన వెలసిన మరునాడు రచ్చబండయొద్ద ముగ్గురు చేరిన మూడు లెక్కలు వచ్చుట మీ రెరిగినదే. ఒకరిది బకెట్టు, ఒకరిది బిందె, ఒకరిది వేపచెట్టు క్రింది గిన్నె. ముగ్గురును సత్యవాదులే. పాత్రలే అసత్యము లాడును. బకెట్టు మూతి 28 సెంటీమీటర్లు, అడుగు 20, ఎత్తు 28 అనుకొనుడు. అందు పది సెంటీమీటర్ల లోతు నీరు నిలిచినచో నిజముగా కురిసినది ఆరు సెంటీమీటర్లకు కొంచెము తక్కువయే. బిందెకు మూతి చిన్నది, కడుపు పెద్దది. కావున అది వానను తగ్గించి చూపును. చెట్టుక్రింది గిన్నె సగము చినుకులను ఆకులకు వదలుకొని, వాన వెలసిన పిదప కొమ్మల జారును పట్టుకొనును.

కనుక అడుగునుండి మూతివరకు ఒక్క వెడల్పుగల నిలువు డబ్బాను తీసికొనుడు. అడుగు సమముగా నుండవలెను. దానిని ఆరుబయట, మూతి నేలకు ఒక యడుగు ఎత్తున నుండునట్లు, ఒరగక నిలుపుడు. చెట్టుగాని గోడగాని ఎంత ఎత్తున్నదో దానికి రెట్టింపు దూరమైనను ఉండవలెను. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు పిల్లల స్కేలుతో కొలిచి, పుస్తకమున వ్రాసి, నీరు పారబోయుడు. ఆ వేళ దేశమంతటికిని ఒక్కటే. వాన లేనినాడు సున్న వ్రాయుడు. వ్రాయని దినము వేరు, సున్న వేరు. ఈ భేదము తెలిసిననాడు సగము శాస్త్రము వచ్చినట్లే.

నేను పనిచేసిన ఒక పల్లె బడిలో పిల్లలచేత కొన్నియేండ్లు ఇట్లు వ్రాయించితిని. ఒక చిత్తకార్తెలో రాత్రికి రాత్రి వాన పడి వరిచేలు పండుకొన్నవి. నష్టము చూడవచ్చిన ఉద్యోగి పదిమైళ్ల దూరపు మాపకపు లెక్క చూపి, "ఆ దినమున మీవైపు వానయే లేదు" అనెను. ఊరివారు కేకలు వేసిరి. కేకలకు విలువ లేకపోయెను. అప్పుడొక యేడవ తరగతి బాలిక నోటుపుస్తకము తెచ్చి ఆయన చేతిలో పెట్టినది. ఆయన పుట లన్నియు తిరుగవేసెను. ఎండకాలపు సున్నలు వరుసగ చూచి, మారుమాట లేక లేచి, చెరువు మత్తడిమీది నీటి జాడను స్వయముగ పరీక్షించి, తన కాగితమున వ్రాసికొనెను. పరిహారము కొందరికి వచ్చెను, కొందరికి రాలేదు. కాని "మీవైపు వానయే లేదు" అను మాట మాత్రము మరల వినబడలేదు. ఆయనను ఒప్పించినది ఆనాటి పెద్ద యంకె కాదు, ఏడాది పొడుగున వ్రాసిన సున్నలు.

నేటి యువకులు గాలివాన వెలసినంతనే చేతిఫోనులలో లెక్కలు పంపుకొని పోల్చుకొనుచున్నారు. సంతోషము. వారికి పెద్దలుగా మీరు చెప్పవలసిన మాట యొకటి కలదు. పోలిక పందెము కారాదు. మా యూరిదే పెద్ద వాన యని ఒక వ్రేలు కలిపి వ్రాసినవాడు, దిగువ చెరువువారికి అబద్ధపు సాక్ష్యము చెప్పినవాడగును. ఒక వ్రేలు తగ్గించినను అంతియే.

పై యూరిలో ఒక డబ్బా, క్రింది యూరిలో ఒక డబ్బా, నడుమ నమ్మకమైన మాట యుండినచో, అర్ధరాత్రి కట్టమీదికి పోవలెనో, పశువులను విప్పవలెనో ముందుగ తెలియును. రాబోవు ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగిసిన పిదప, గడచిన యేటి వానలెక్కను కూడ ఎవరిచేతనైన చదివించుడు. సిద్ధాంతిగారు సంతోషింతురేగాని కోపగింపరు.