పరాయి ఊళ్లో మనోడికి ఇల్లేది?

(ఉప్పల్‌లో దళిత యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రిజర్వేషన్ల మీద మాట్లాడమన్నరు. అది ఇంకోసారి మాట్లాడుకుందాం. మన వేదిక మీద నేను ఎన్నడూ ఎత్తని ముచ్చట ఒకటుంది, ఇయ్యాల అది చెప్త. మధ్యలో లేచిపోదామనిపిస్తే జర ఓపిక పట్టండి.

2003లో బి.ఎడ్. చదవడానికి జనగామ దిక్కు నుంచి వచ్చి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు దిగిన. మా ఇంట్లో డిగ్రీ చదివినోళ్లలో నేనే మొదటివాణ్ణి. నాచారంలో ఒక గది దొరికింది. ఇంటామె కిరాయి సంగతి కన్నా ముందు "మీరేమిటోళ్లు?" అని అడిగింది. అబద్ధం చెప్పిన. అంబేద్కర్ ఫోటోను పెట్టె అడుగున, బట్టల కింద దాచిపెట్టిన. మూడు నెలలకు మా నాయన వచ్చిండు. ఆమెను చూడగానే భుజం మీది తువ్వాల తీసి పక్కకు ఒదిగి నిలబడ్డడు. ఆమెకు తెలిసిపోయింది. నెల తిరగకముందే ఖాళీ చేయించింది.

ఇది నాతో మొదలైంది కాదు. బాబాసాహెబ్ 1913 నుంచి కొలంబియాలో, ఆ తర్వాత లండన్‌లో చదివి, 1917లో ఉద్యోగానికి బరోడా పోతే ఆయనకు తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఇద్దరూ సాకు చెప్పిండ్రు. తోటలో కూర్చొని, రాత్రి బండికి బొంబాయి వెళ్లిపోయిండు. విదేశంలో మనిషిగా బతికినోడు స్వదేశంలో పరాయివాడైండు. పేరు దాచుకొని బతకడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇప్పుడు అసలు విషయం. 2009లో నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. మన నాచారం బస్తీ పిల్లవాడే. వాళ్లమ్మ కంపెనీలో కూలి చేసేది. పేరు చెప్పను. లెక్కల్లో ఫస్టు. మెత్తగ నడిచేటోడు, మెత్తగ మాట్లాడేటోడు. తోటి పిల్లలు "ఆడంగి" అని ఏడిపించేటోళ్లు. ఒకరోజు నేనే క్లాసు ముందట నిలబెట్టి, "మగోడి లెక్క నడువురా" అన్న. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోయిన. వాడు మర్చిపోలేదు.

వాడు ఇంజనీరింగ్ చదివి, ఎం.ఎస్.కు అమెరికా పోయి, సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్నడు. పోయిన ఏడు ఫోన్ చేసి, "సార్, మీకొక మాట చెప్పాలె. నేను గే సార్. పెళ్లి చేసుకోమని అమ్మకు మీరు చెప్పకండి" అన్నడు. ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడిండు.

మొదట తెలుగు పిల్లలతో కలిసి ఇల్లు తీసుకున్నడట. మొదటి వారం ఇంటిపేరు అడిగిండ్రు, రెండో వారం ఊరు, మూడో వారం "ఊర్ల మీ ఇల్లు ఏ దిక్కు?" అని. ఈ ప్రశ్న ఏడు సముద్రాలు దాటి పోయింది చూడండి. అక్కడ కులం దాచిండు, ప్రేమనూ దాచిండు.

అమెరికాలో మన ఉపఖండపు గే మనుషులకు సంఘాలు లేకపోలేదు. 1986లోనే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 'త్రికోణ్' పుట్టింది. నాజీలు తమ శిబిరాల్లో ఇటువంటి మగవాళ్లకు తగిలించిన గులాబీ రంగు త్రికోణాన్నే గుర్తుగా మార్చుకున్న ఉద్యమం నుంచి వచ్చిన పేరది. ఒంటరివాళ్లకు ఇటువంటి సంఘాలు ఊపిరి పోసినయి. ఆ ధైర్యంతో మనోడు ఒకరింటి విందుకు పోయిండు. అందరూ గే మనుషులే. కానీ మాటలన్నీ అమ్మమ్మ మడి గురించి, తాతల బంగ్లాల గురించి. "మీ నాన్నగారేం చేసేవారు?" అని అడిగిండ్రట. అక్కడ ప్రేమ సంగతి చెప్పగలిగిండు, కులం సంగతి చెప్పలేకపోయిండు. తెల్లోళ్ల బార్లకు పోతే రంగు అడ్డమొచ్చింది.

చివరికి అంబేద్కరిస్టుల దగ్గరికి చేరిండు. ఆదివారాలు కలుసుకొని వండుకునేది, చదువుకునేది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఆ రోజు మనోడు తన కులం పేరు గొంతెత్తి చెప్పిండు. ఆ సాయంత్రమే మన పెద్దాయన ఒకాయన భుజం తట్టి, "ఇంకేం తమ్మీ, మన పిల్లనే చూస్తం" అన్నడట. పక్కనున్నోడు "ఏం, నువ్వేమన్న తేడానా?" అని నవ్విండట. "సార్, ఆ ఒక్క చోటే నా ఇల్లు అనుకున్న. నా గదికి పోయి ఏడ్సిన" అన్నడు.

మిత్రులారా, అగ్రవర్ణ ఇంటామె మూసిన తలుపు గురించి మనం ఉపన్యాసాలిస్తాం. మనం మూసిన తలుపు గురించి ఎవరు మాట్లాడాలె?

ఇది ఉన్నోళ్ల జబ్బు, విదేశీ జబ్బు అనేటోళ్లున్నరు. కంపెనీ కూలి కొడుకు ఉన్నోడెట్లయిండు? నిజానికి విదేశం నుంచి వచ్చింది 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను. 2009లో ఢిల్లీ హైకోర్టు దాని కోరలు పీకితే, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇష్టపూర్వకమైన ప్రేమ నేరం కాదన్నది. ఆ తీర్పు ఆసరా చేసుకున్నది దేనిని? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ చెప్పిన రాజ్యాంగ నైతికతను. పెళ్లి హక్కు మాత్రం ఇంకా రాలేదు. కలకత్తా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ సుప్రియో చక్రవర్తి వేసిన కేసులో 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు లేదన్నది.

బాబాసాహెబ్ ఇంకో పని కూడా చేసిండు. 1934లో ఆర్.డి. కర్వే తన 'సమాజ స్వాస్థ్య' పత్రికలో పాఠకుల లైంగిక సందేహాలకు జవాబులిచ్చినందుకు కేసు పెడితే, ఆయన తరఫున వాదించిండు. ఆ సందేహాల్లో స్వలింగ ప్రేమ కూడా ఉంది. కేసు ఓడిపోయిండు గానీ, అడగటం నేరం కాదన్న మాట వదలలేదు.

నల్లజాతి ఉద్యమం నుంచి కూడా నేర్చుకోవాలె. 1963లో వాషింగ్టన్ ప్రదర్శనను నడిపించిన బయార్డ్ రస్టిన్ గే. ఆ కారణంతోనే ఆయన్ను వెనక్కి నెట్టిండ్రు. మన దళిత పాంథర్లు ఎవరి పేరు తీసుకున్నరో ఆ బ్లాక్ పాంథర్ల నాయకుడు హ్యూయీ న్యూటన్, 1970 ఆగస్టు 15న తన వాళ్లనే నిలదీసిండు. వాళ్లను తిట్టే మాటలు మన నోట్లోంచి పోవాలె, వాళ్లను మన సభలకు పిలవాలె అన్నడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆడంగి, తేడా అనే మాటలు మన సభల్లో, మన పాటల్లో, మన నవ్వుల్లో వినపడొద్దు. వయసొచ్చిన ప్రతి పిల్లవాణ్ణి పెళ్లెప్పుడని చావగొట్టొద్దు. బడిలో మెత్తగ నడిచే పిల్లవాడి పక్కన నిలబడే సారు ఒక్కడన్న ఉండాలె. ఆ రోజు నేను నిలబడలేదు. ఫోన్లో వాడికి క్షమాపణ చెప్పిన. "అయిపోయింది గదా సార్" అన్నడు. అయిపోలేదని నాకు తెలుసు.

వచ్చే ఏప్రిల్లో జయంతికి వాడు నాచారం వస్తున్నడు. వెంట తన మనిషిని తీసుకొస్తున్నడు. వాళ్లమ్మకు చెప్పేసిండు. ఆమె పది రోజులు ఎవరితోని మాట్లాడలేదు. తర్వాత మా ఇంటికొచ్చి కూసున్నది. "సారూ, వాడు నా కొడుకే గదా, వాణ్ణి ఏడ పారేస్త? కానీ బస్తీ ఏమంటది?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. "ముందు మా ఇంటికి రానియ్యమ్మా, మా ఇంట్ల అన్నం తిని, మన సంఘం జెండా దగ్గరికి నేనే తోలుకొస్త" అన్న. నా వంతు జవాబు అది. జెండా కింద నిలబడేది మీరు. బస్తీ అంటే మీరే. ఆమె అడిగింది మిమ్మల్నే.

జై భీమ్.