కణం నుంచి మొక్క: పునరుత్పత్తికి జన్యు ఇంజనీరింగ్ సాయం



కణజాల వర్ధనం గురించి మీరు ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో చదివే ఉంటారు. ఆకు ముక్కనో, బీజదళం ముక్కనో సూక్ష్మజీవులు లేకుండా శుభ్రం చేసి, పోషక యానకం మీద ఉంచుతాం. కణాలు విభజన చెంది కాలస్ అనే ముద్ద ఏర్పడుతుంది. ఆ ముద్ద నుంచి కాండం, వేళ్లు వచ్చి పూర్తి మొక్క తయారవుతుంది. దీన్నే పునరుత్పత్తి అంటాం. పాఠ్యపుస్తకంలో ఇదంతా నాలుగు బొమ్మల్లో పూర్తవుతుంది. ప్రయోగశాలలో మాత్రం మూడో బొమ్మ నుంచి నాలుగో బొమ్మకు వెళ్లడం చాలా కష్టం. ఎన్నో పంటల్లో కాలస్ వస్తుంది గానీ మొక్క రాదు. ఈ అడ్డంకిని దాటడానికి జన్యు ఇంజనీరింగ్ ఎలా ఉపయోగపడుతోందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా, ఇది ఎందుకంత ముఖ్యమైన సమస్య? ఒక మొక్కలో కొత్త జన్యువును చేర్చాలన్నా, ఉన్న జన్యువును సవరించాలన్నా ఆ పనిని సాధారణంగా విడి కణాల్లోనే చేస్తాం. ఆ కణం తిరిగి మొక్కగా మారకపోతే చేసిన పని అక్కడితో ఆగిపోతుంది. ప్రత్తినే ఉదాహరణగా తీసుకోండి. బీటీ జన్యువును మొదట చేర్చింది అమెరికాకు చెందిన కోకర్ 312 అనే రకంలో. కణజాల వర్ధనంలో ఆ రకం సులువుగా మొక్కనిస్తుంది. చాలా ప్రత్తి రకాలు అలా ఇవ్వవు. అందుకే కోకర్ నుంచి ఆ జన్యువును మన దేశపు ప్రత్తి వంశాల్లోకి తరాల తరబడి సంకరణాలు చేసి తీసుకురావలసి వచ్చింది. 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ సంకరాలు ఇలా వచ్చినవే. అంటే ఏ రకంలో నేరుగా మార్పు చేయగలమన్నది రైతు అవసరం కాక, ఆ రకపు పునరుత్పత్తి శక్తే నిర్ణయించింది.

ఈ శక్తిని పెంచడానికి శాస్త్రవేత్తలు తొలినాళ్లలో కణం బయట ఉన్న యానకాన్ని మార్చారు. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంతో ఒక ముఖ్యమైన విషయం నిరూపించారు. యానకంలో సైటోకైనిన్ కంటే ఆక్సిన్ పాలు బాగా ఎక్కువైతే వేళ్లు వస్తాయి. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే కాండం మొగ్గలు వస్తాయి. రెండూ సమతూకంలో ఉంటే కాలస్ పెరుగుతుంది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఒక్కో పంటకు, ఒక్కో రకానికి ఈ హార్మోన్ల మోతాదులను మార్చి మార్చి పరీక్షించారు. పొగాకు, క్యారట్ లొంగాయి. మిరప, ప్రత్తి, పప్పు ధాన్యాల వంటివి అంత తేలికగా లొంగలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. ఒకే యానకం మీద ఒక రకం మొక్కగా మారి, మరొక రకం ముద్దగానే ఎందుకు ఉండిపోతుంది? హార్మోను ఒక సందేశం మాత్రమే. ఆ సందేశానికి స్పందించి తగిన జన్యువులను పని చేయించే యంత్రాంగం కణం లోపల ఉంది. అది కదలకపోతే బయట ఎంత హార్మోను పోసినా ఫలితం ఉండదు.

ఆ యంత్రాంగంలోని ఒక కీలకం తెలియడానికి దారి వేసిన పరిశోధనల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను వర్ధనం చేసి, పుప్పొడి నుంచి పిండాలు వస్తాయని కనుగొన్నారు. పుప్పొడి కణం తన సహజ మార్గాన్ని వదిలి పిండంగా మారుతోందంటే, లోపల ఏదో జన్యువు పని మొదలుపెట్టి ఉండాలి. ఆవ కుటుంబానికి చెందిన రేప్‌సీడ్ మొక్కలో పుప్పొడి నుంచి వచ్చే ఇలాంటి పిండాలను పరిశీలించి, అందులో చురుగ్గా ఉండే ఒక జన్యువును గుర్తించినట్లు 2002లో ప్రకటించారు. దానికి పెట్టిన పేరు 'బేబీ బూమ్'. ఈ జన్యువు తయారు చేసే ప్రొటీను అనేక ఇతర జన్యువులను మేల్కొలుపుతుంది. దీన్ని ఎక్కువగా పని చేయిస్తే ఫలదీకరణతో పని లేకుండానే మామూలు శాకీయ కణాల నుంచి పిండాలు పుడతాయి. కాండం కొన వద్ద విభాజ్య కణజాలాన్ని నిలిపి ఉంచే 'వుషెల్' అనే జన్యువుకూ ఇలాంటి శక్తి ఉందని అదే ఏడాది తెలిసింది.

ఇప్పుడు మిరప సంగతి చూద్దాం. వర్ధనంలో మిరప ముక్కల మీద ఆకుల వంటివి గుత్తులుగా వస్తాయి గానీ, కాండం సాగి మొక్కగా ఎదగడం అరుదు. 2011లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, గుంటూరు మిరపది ఏ జాతో అదే జాతికి చెందిన క్యాప్సికమ్‌లో బేబీ బూమ్‌ను ప్రవేశపెట్టారు. అయితే ఆ ప్రొటీనుకు ఒక తాళం లాంటి భాగాన్ని జోడించారు. డెక్సామెథసోన్ అనే మందు యానకంలో ఉంటేనే ఆ ప్రొటీను కేంద్రకంలోకి వెళ్లి పని చేస్తుంది. మందు వేసినప్పుడు పిండాలు ఏర్పడ్డాయి, వాటి నుంచి జన్యు మార్పిడి మొక్కలు లభించాయి.

ఈ తాళం ఎందుకు? ఆలోచించండి. "పిండంగా మారు" అని కణానికి నిరంతరం ఆజ్ఞ అందుతూ ఉంటే, అది ఆకుగా, వేరుగా, పువ్వుగా ఎప్పుడు మారుతుంది? బేబీ బూమ్, వుషెల్ ఆగకుండా పని చేసే మొక్కల్లో వేళ్లు పొట్టిగా, ఆకులు వంకరగా ఉండటం, గింజ కట్టకపోవడం వంటి లోపాలు కనిపించాయి. కాబట్టి ఈ జన్యువులను పని చేయించడంతో పాటు, సమయానికి ఆపడం కూడా తెలియాలి.

2016లో మొక్కజొన్నపై ప్రచురితమైన పరిశోధనలో దీనికి చక్కని ఉపాయం చూపారు. ఈ రెండు జన్యువులతో పాటు వాటిని కత్తిరించి తీసివేసే ఎంజైమ్ జన్యువును కూడా చేర్చారు. ఆ ఎంజైమ్ నీటి ఎద్దడి కలిగినప్పుడే తయారవుతుంది. కాలస్ పెరిగాక దాన్ని మూడు రోజులు పొడి వడపోత కాగితం మీద ఉంచారు. ఎండిన కణాల్లో ఎంజైమ్ తయారై సహాయక జన్యువులను తొలగించింది. ఈ జన్యువుల సాయంతో అంతకుముందు లొంగని మొక్కజొన్న రకాలే కాక జొన్న, చెరకు, ఇండికా వరి కూడా మెరుగ్గా స్పందించాయి.

2020లో గోధుమపై మరో పద్ధతి వచ్చింది. జీఆర్ఎఫ్4, జీఐఎఫ్1 అనే రెండు ప్రొటీన్లు కణంలో జంటగా పని చేస్తాయి. వాటి జన్యువులను కలిపి ఒకటిగా చేర్చినప్పుడు గోధుమలో పునరుత్పత్తి అనేక రెట్లు పెరిగింది. యానకంలో సైటోకైనిన్ లేకపోయినా కాండాలు వచ్చాయి. మొక్కలు సాధారణంగా పెరిగి గింజ కట్టాయి.

ఇక్కడ మీ మెండెల్ పాఠం గుర్తు చేసుకోండి. మొక్కలో సహాయక జన్యువు ఒకే ప్రతిగా ఉంటే, ఆత్మపరాగ సంపర్కం తరువాత సుమారు నాలుగో వంతు సంతతిలో అది ఉండదు. సవరించిన జన్యువు ఉండి, సహాయక జన్యువు లేని మొక్కలను ఏరుకోవచ్చు. అయితే అరటి, చెరకు వంటి పంటలను గింజతో కాక పిలకలతో, ముచ్చెలతో పెంచుతాం. అక్కడ ఈ వేరుపాటు కుదరదు గనుక కత్తిరించే పద్ధతి అవసరమవుతుంది.

మన వరికి ఈ విషయంతో దగ్గరి సంబంధం ఉంది. జపోనికా వరి కంటే ఇండికా వరిలో పునరుత్పత్తి సాధారణంగా కష్టం. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి ఇండికా రకమే. హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఈ రకంలో ఒక జన్యువును సవరించి రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే 'కమల', వంగడాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. సవరించిన ఆ జన్యువు చేసే పని సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేయడం. దాన్ని అదుపు చేస్తే కంకిలో గింజల సంఖ్య పెరుగుతుంది. సీసాలో మొగ్గ తెప్పించే హార్మోనే పొలంలో గింజల సంఖ్యనూ ప్రభావితం చేస్తోందని గమనించండి.

రైతులు మెచ్చిన రకంలోనే నేరుగా మార్పు చేయగలిగితే, కోకర్ ప్రత్తి లాంటి చుట్టుదారి అక్కరలేదు. అయితే కొత్త మొక్క వచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. వర్ధనంలోనే కొన్ని అవాంఛిత మార్పులు రావచ్చు. భద్రత, దిగుబడి, నాణ్యత పరీక్షలు తప్పనిసరి.

చివరగా మూడు ప్రశ్నలు. హార్మోన్ల నిష్పత్తి మార్చడానికీ, బేబీ బూమ్‌ను పని చేయించడానికీ తేడా ఏమిటి? సహాయక జన్యువును ఎందుకు ఆపాలి? అరటిలో దాన్ని మెండెల్ పద్ధతిలో ఎందుకు వేరు చేయలేం? జవాబులు మీ నోటు పుస్తకంలో రాసి, మీ అధ్యాపకులతో చర్చించండి.